పాత మిల్లింగ్ మిషన్ అరుగుదల లెక్క

మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డులోనో, వేలానికి వచ్చిన శిక్షణ సంస్థ వర్క్‌షాపులోనో ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిపోయిన మిల్లింగ్ మిషన్‌ను చూడటానికి వెళ్లినవారి కన్ను మొదట తుప్పు మీదే పడుతుంది. టేబుల్ ఎర్రబారి ఉంటే బేరం తగ్గుతుంది, కొత్తగా రంగు వేసి ఉంటే పెరుగుతుంది. నిజానికి తుప్పుకీ రంగుకీ ఆ యంత్రం పనితనంతో ఉన్న సంబంధం చాలా తక్కువ. దాన్ని బాగుచేయడం దండగో కాదో తేల్చేది కదిలే భాగాలు జారే తలాల మీద, అంటే గైడ్‌వేల మీద కంటికి ఆనని అరుగుదల. ఆ అరుగుదలను కొలవవచ్చు, అదీ కొనకముందే. కావలసిన పరికరాలన్నీ ఒక చేతిసంచిలో పడతాయి. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న వర్క్‌షాపు పెట్టుకోబోయే యువకులు ఈ కొలత నేర్చుకుంటే, కిలోల లెక్కన తుక్కులోకి పోతున్న మంచి యంత్రాలు కొన్నయినా మిగులుతాయని నా గట్టి నమ్మకం.

మనం ఎక్కువగా చూసే ‘నీ’ తరహా మిల్లింగ్ మిషన్ రూపానికి మూలం 1862 నాటిది. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో, బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థకు చెందిన జోసెఫ్ బ్రౌన్, ట్విస్ట్ డ్రిల్లుల మెలిక గాడులు కోయడం కోసం యూనివర్సల్ మిల్లింగ్ మిషన్‌ను రూపొందించాడు. నిటారుగా నిలిచే కాలమ్, దాన్ని పట్టుకుని పైకీ కిందికీ జరిగే ‘నీ’, దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే శాడిల్, ఆ శాడిల్ మీద కుడి ఎడమలకు జరిగే టేబుల్ అనే అమరిక అప్పటి నుంచీ పెద్దగా మారలేదు. ఈ మూడు కదలికలూ తిన్నగా సాగాలి. ఒకదానికొకటి లంబంగా ఉండాలి. కాలమ్‌లో తిరిగే స్పిండిల్ అక్షంతో సరైన కోణంలో కుదరాలి. మిల్లింగ్ మిషన్ విలువంతా ఈ రేఖాగణితంలోనే ఉంది. మోటారు, గేర్లు, బెల్టులు దానికి బలాన్ని అందిస్తాయి, పాడైతే బజారు నుంచి తెచ్చుకోవచ్చు. రేఖాగణితం చెడితే మాత్రం ఇనుములో దాన్ని చేత్తో మళ్లీ చెక్కుకోవాలి.

ఈ తరం యంత్రాలకు మన ప్రాంతంలో కొరత లేదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. 1953లో బెంగళూరులో పుట్టిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ (హెచ్‌ఎంటీ) తర్వాతి కాలంలో హర్యానాలోని పింజోర్‌లోనూ మన హైదరాబాద్‌లోనూ కర్మాగారాలు పెట్టింది. పింజోర్‌లో తయారైన హెచ్‌ఎంటీ మిల్లింగ్ మిషన్లు దేశమంతటా కాలేజీలకూ కర్మాగారాలకూ చేరాయి. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడి, టూల్ రూమ్ పనివారిని తయారుచేయడం మొదలుపెట్టింది. సీఎన్‌సీ యంత్రాలు వచ్చాక పాతవి ఒక్కొక్కటే మూలబడ్డాయి. మూలబడటానికి కారణం చాలాసార్లు అవి చెడిపోవడం కాదు, వాటి మీద పని ఆగిపోవడం. అందుకే ‘వదిలేసిన మిషన్’ అనగానే ‘అరిగిపోయిన మిషన్’ అనుకోకూడదు.

ముందు తుప్పు సంగతి చూద్దాం. ఇనుము మీద సన్నని నీటి పొర చేరి, అందులో గాలిలోని ఆక్సిజన్ కరిగినప్పుడు విద్యుద్రసాయన చర్య మొదలవుతుంది. గాలిలో తేమ సుమారు 60–70 శాతం దాటితే ఆ చర్య చురుకందుకుంటుంది. కరిగిన ఇనుముతో పోలిస్తే దాని నుంచి ఏర్పడే తుప్పు రెండు నుంచి నాలుగు రెట్ల జాగా ఆక్రమిస్తుంది. కాబట్టి చూడటానికి దళసరిగా కనిపించే పొర వెనుక పోయిన లోహం తక్కువే. హైదరాబాద్ పొడి గాలిలో, కప్పు కింద నిలిచిన యంత్రానికి పట్టే తుప్పు ఎక్కువ భాగం పైపైనే ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో సంగతి వేరు. సముద్రపు గాలిలోని క్లోరైడు ఇనుమును చుక్కలు చుక్కలుగా లోతుకు తింటుంది. అలా గుంటలు పడ్డ గైడ్‌వే కూడా వెంటనే పనికిరాకుండా పోదు. గుంటల మధ్య మిగిలిన చదునైన లోహమే భారాన్ని మోస్తుంది, గుంటల్లో నూనె నిలుస్తుంది. వాటి అంచులు పైకి లేవకుండా, లోపల తుప్పు పొడి మిగలకుండా చూసుకుంటే చాలు.

ఇంకో విషయం గమనించాలి. మిషన్ ఆగిపోయినప్పుడు టేబుల్ సాధారణంగా మధ్యలో ఉంటుంది. శాడిల్‌తో కలిసి ఉన్న తలాలు ఒకదాన్నొకటి కప్పుకుని, పాత నూనె పొరతో సహా భద్రంగా ఉండిపోతాయి. గాలికి తెరుచుకుని ఉన్న చివరలే తుప్పు పడతాయి. ఆ చివరలే వాడకంలో అతి తక్కువగా రాపిడికి గురైన భాగాలు కూడా. అంటే తుప్పు కనిపించే చోట అరుగుదల తక్కువ, అరుగుదల ఉన్న చోట తుప్పు కనిపించదు. కంటిని నమ్మి బేరమాడితే తప్పుడు చోటుకు ధర కడతాం.

అరుగుదల ఎక్కడ పడుతుందో ఊహించడం కష్టం కాదు. జాబ్ బిగించే వైస్ దాదాపు ఎప్పుడూ టేబుల్ నడుమనే ఉంటుంది, కోత జరిగే దూరం కూడా తక్కువే. ఏళ్ల తరబడి టేబుల్ మధ్యభాగమే శాడిల్ మీద ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. గుడి మెట్లు నడిమధ్యన అరిగినట్టే టేబుల్ అడుగుభాగం మధ్యలో పలచబడుతుంది. శాడిల్ పరిస్థితి దీనికి ఎదురు. టేబుల్ ఒక పక్కకు జరిగి వేలాడినప్పుడు బరువంతా శాడిల్ అంచు మీద పడుతుంది, కాబట్టి అంచులు ముందు అరుగుతాయి. కొన్నేళ్లకు శాడిల్ పైకి ఉబ్బిన విల్లులా, టేబుల్ అడుగు దానికి సరిపడే లోపలి వంపులా తయారవుతాయి. నూనె అందకపోతే ఈ అరుగుదల వేగం పెరుగుతుంది. పోత ఇనుమును కోసేటప్పుడు లేచే బూడిదలాంటి పొడి నూనెలో కలిస్తే ఇంకా పెరుగుతుంది. దగ్గర్లో గ్రైండింగ్ మిషన్ ఉండి, దాని రాళ్ల పొడి ఎగిరి పడిన యంత్రమైతే మరీ అనుమానించాలి.

అరుగుదలకు తొలి సాక్ష్యాన్ని తయారీదారే వదిలి వెళ్లాడు. కొత్త మిషన్ గైడ్‌వేల మీద అర్ధచంద్రాకారంలో స్క్రేపింగ్ గీతలు ఉంటాయి. వాటి లోతు కొన్ని మైక్రాన్లే. టేబుల్‌ను రెండు చివరలకూ జరిపి, బయటపడిన చోటును కిరోసిన్‌తో తుడిచి చూడాలి. ఆ గీతలు అంతటా కనిపిస్తే అది అదృష్టం. చివరల్లో ఉండి నడుమ మాయమైతే అక్కడ కనీసం అన్ని మైక్రాన్ల లోహం పోయిందని అర్థం. కదలిక ఆగే చోట గోటికి మెట్టు తగిలితే నష్టం మైక్రాన్లు దాటి, మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలోకి వచ్చింది. తుడవడానికి గుడ్డ, కిరోసిన్ చాలు. ఎమరీ కాగితంతో రుద్దకూడదు. దాని రేణువులు పోత ఇనుములో దిగబడి, ఆ తర్వాత పక్క తలాన్ని తింటూ ఉంటాయి.

రెండో పరీక్షకు చెయ్యి చాలు. హ్యాండిల్ సులువుగా తిరుగుతోందని అమ్మేవారు చూపిస్తారు. జారే తలాల మధ్య ఖాళీని సరిచేసే పట్టీ అయిన జిబ్ వదులు చేసి ఉంచితే ఎంత అరిగిన టేబులైనా సులువుగానే తిరుగుతుంది. అందువల్ల టేబుల్‌ను మధ్యలో నిలిపి, ఊగులాట పోయేంత వరకు జిబ్ బిగించి, అప్పుడు ఒక చివరకు తిప్పాలి. మంచి మిషన్ చివరిదాకా ఒకే బరువుతో తిరుగుతుంది. అరిగిన మిషన్ చివరకు చేరుతుండగా బిగుసుకుపోతుంది, ఎందుకంటే అక్కడ లోహం ఇంకా పాత మందంలోనే ఉంది. ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పే చోట కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అసలు కొలత ప్రెసిషన్ స్పిరిట్ లెవెల్‌తో జరగాలి. ఒక గీత మీటరుకు 0.02 మి.మీ. వాలును సూచించే లెవెల్ తీసుకుందాం. దాన్ని టేబుల్ నడుమ పొడవునా ఉంచి, టేబుల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా జరుపుతూ బుడగను చూడాలి. మిషన్ నేల మీద సమంగా ఉందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. బుడగ ఎంత కదిలిందన్నదే కావాలి. టేబుల్ బరువు జరిగినప్పుడు మొత్తం యంత్రమే ఒరుగుతుందేమో తెలుసుకోవడానికి ఇంకొక లెవెల్‌ను ‘నీ’ మీద ఉంచి, దాని మార్పును తీసివేయాలి.

ఈ పరీక్ష ఎంత సున్నితమైనదో చిన్న లెక్క చెబుతుంది. శాడిల్ గైడ్‌వే పొడవు 400 మి.మీ. అనుకుందాం. దాని అంచులు నడిమికంటే 0.05 మి.మీ. ఎక్కువ అరిగాయనుకుందాం. అది తల వెంట్రుక మందాన్ని మించదు. టేబుల్ అడుగు కూడా ఆ వంపుకు తగ్గట్టే అరిగి కూర్చుందనుకుందాం. ఆ వంపును ఒక పెద్ద వృత్తంలో ముక్కగా తీసుకుంటే, పొడవు వర్గాన్ని వంపు ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. 1,60,000ను 0.4తో భాగిస్తే 4,00,000 మి.మీ., అంటే 400 మీటర్లు. అంత పెద్ద వృత్తం మీద టేబుల్ నడిమి నుంచి 300 మి.మీ. పక్కకు జరిగితే మీటరుకు 0.75 మి.మీ. వాలుతుంది. లెవెల్ మీద అది 37 గీతలకు పైమాటే, బుడగ గొట్టం చివరకు పారిపోతుంది. అరుగుదల అందులో అయిదో వంతే, అంటే 0.01 మి.మీ. మాత్రమే అయినా బుడగ ఏడు గీతలు దాటుతుంది. కన్నూ చెయ్యీ పట్టలేని నష్టాన్ని గాజు గొట్టంలోని బుడగ ఇంత స్పష్టంగా చూపిస్తుంది.

ఇదే వంపు జాబ్ మీద ఎలా పడుతుందో చూస్తే నిర్ణయానికి దారి దొరుకుతుంది. టేబుల్ పక్కకు జరిగేకొద్దీ కట్టర్ కింద ఉన్న తలం పైకి లేస్తుంది. ఎంత లేస్తుందంటే, జరిగిన దూరం వర్గాన్ని వ్యాసార్ధానికి రెండు రెట్లతో భాగించినంత. పై ఉదాహరణలో 300 మి.మీ. దగ్గర అది 0.11 మి.మీ. కాబట్టి 600 మి.మీ. పొడవున్న జాబ్‌ను ఆ మిషన్ మీద చదును చేస్తే చివరలు ఎక్కువ తెగి, నడుమ 0.11 మి.మీ. ఎత్తుగా మిగులుతుంది. డై సెట్ పనికి అది పూర్తిగా తిరస్కరించాల్సిన దోషం. జాబ్ పొడవు 150 మి.మీ. మాత్రమే అయితే దోషం పదహారో వంతుకు పడిపోయి 0.007 మి.మీ. అవుతుంది. షాఫ్టులకు కీవేలు కోసేవారికి, పంపు భాగాలు, చిన్న గేర్లు చేసేవారికి ఆ దోషం లెక్కలోకే రాదు. మిషన్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. ఏ పొడవు పనికి, ఎంత కచ్చితత్వానికి అన్నది చేరిస్తేనే జవాబు వస్తుంది. అరిగిన యంత్రాన్ని యథాతథంగా వాడుకోవడం కూడా గౌరవప్రదమైన నిర్ణయమే.

లీడ్ స్క్రూ విషయంలోనూ ఇదే న్యాయం. హ్యాండిల్‌ను ఒక దిక్కు తిప్పి, వెనక్కు తిప్పినప్పుడు టేబుల్ కదలడం మొదలయ్యేలోగా డయల్ మీద ఎన్ని గీతలు పోయాయో చూస్తే బ్యాక్‌లాష్ తెలుస్తుంది. దాన్ని ఒక్క చోటే చూసి వదలకూడదు. నడుమ 0.6 మి.మీ., చివరల్లో 0.2 మి.మీ. వచ్చిందనుకుందాం. ఆ 0.2 కంచు నట్టు అరుగుదల. కొత్త నట్టు మంచి టర్నర్ చేసి ఇస్తాడు. మిగిలిన 0.4 స్క్రూ మరలు నడుమ పోగొట్టుకున్న లోహం. నట్టును నడిమికి సరిచేస్తే చివరల్లో పట్టేస్తుంది. అప్పుడు స్క్రూ మార్చాల్సిందే. బ్యాక్‌లాష్ ఉన్నంత మాత్రాన మామూలు మిల్లింగ్ ఆగదు. అయితే కట్టర్ తిరిగే దిశలోనే జాబ్‌ను నడిపే క్లైంబ్ మిల్లింగ్ మాత్రం చేయకూడదు. కట్టర్ టేబుల్‌ను ఆ ఖాళీ మేరకు ఒక్కసారిగా లాగేసుకుంటుంది. కట్టర్‌ను మోసే ఆర్బర్ వంగుతుంది, కట్టర్ పగులుతుంది, మనిషికి గాయమూ కావచ్చు.

స్పిండిల్‌ను టెస్ట్ మాండ్రెల్‌తో చూడాలి. దాన్ని టేపర్‌లో బిగించి, చేత్తో తిప్పుతూ, డయల్ గేజ్‌తో ముక్కు దగ్గర ఒకసారి, 300 మి.మీ. దూరంలో ఒకసారి రన్అవుట్, అంటే తిరిగేటప్పుడు వచ్చే ఊగులాట, కొలుస్తారు. ముక్కు దగ్గర 0.01, దూరాన 0.02 మి.మీ. లోపు ఉంటే మంచి స్పిండిలే. ఎక్కువ వస్తే టేపర్‌లో దుమ్ము ఉందేమో తుడిచి, మాండ్రెల్‌ను సగం తిప్పి బిగించి మళ్లీ చూడాలి. ఆ తర్వాత స్పిండిల్ కింద చెక్కముక్క పెట్టి ఎత్తి చూస్తే బేరింగుల ఆట తెలుస్తుంది. స్పిండిల్‌కు వాడే ప్రెసిషన్ శ్రేణి బేరింగులు ఖరీదైనవి, మామూలు బేరింగులతో ఆ పని జరగదు. ఆ ఖర్చు పెద్దదైనా దానికి హద్దు ఉంది. ధర అడిగి తెలుసుకుని బేరంలో కలుపుకోవచ్చు.

మిగిలినవాటికి ఎక్కువ సమయం అక్కర్లేదు. గేర్‌బాక్స్ మూత తీసి నూనె చూడాలి. పాలరంగులో ఉంటే నీళ్లు చేరాయి. అడుగున ఉక్కు పెచ్చులు ఉంటే పళ్లు విరిగాయి. టీ-స్లాట్ అంచులు, ‘నీ’ మూలలు, అడుగు దిమ్మ కాళ్ల దగ్గర పగుళ్ల కోసం వెతకాలి. పోత ఇనుములోని గ్రాఫైట్ రేకులు కంపనాన్ని మింగి యంత్రానికి మేలు చేస్తాయి గానీ, లాగే బలానికి అవే పగులు మొదలయ్యే చోట్లు. లారీ మీద నుంచి దించేటప్పుడు ఒక్కసారి పడ్డ మిషన్‌ను, వెల్డింగ్‌తో అతికి రంగు వేసి అమ్మేవారు ఉంటారు. టేబుల్ మీది డ్రిల్లు గాట్లు చూసి మాత్రం బెంగపడక్కర్లేదు. పాత ఆపరేటరు అజాగ్రత్తకు అవి గుర్తులు, చదునుకు పెద్ద నష్టం చేయవు.

ఈ కొలతల పద్ధతిని తొలిసారి ఒక క్రమంలో పెట్టినవాడు గేయోర్గ్ ష్లెసింగర్. 1904లో బెర్లిన్ సాంకేతిక విద్యాలయంలో యంత్ర పరికరాల శాఖకు ఆచార్యుడయ్యాడు. 1927లో ఆయన ప్రచురించిన పరీక్షా పట్టికలు ప్రపంచమంతటి తయారీదారులకూ కొనుగోలుదారులకూ ఒకే కొలబద్దగా నిలిచాయి. యూదుడు కావడం వల్ల 1933లో నాజీలు ఆయన్ను జైల్లో పెట్టారు. తర్వాత దేశం విడిచి చివరకు ఇంగ్లండ్ చేరి, 1949లో మరణించాడు. కొత్త మిషన్‌తో పాటు వచ్చే పరీక్షా పత్రం ఆయన కృషి నుంచే పుట్టింది. పాత మిషన్ డ్రాయరులో అలాంటి పత్రం దొరికితే భద్రంగా దాచాలి. యంత్రం పుట్టినప్పుడు ఎలా ఉండేదో చెప్పే ఆధారం వేరే లేదు.

గైడ్‌వేలు అరిగాయని తేలితే దారి స్క్రేపింగ్. 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో జోసెఫ్ విట్‌వర్త్ చెప్పిన పద్ధతే నేటికీ దానికి పునాది. మూడు పలకలను రెండేసి చొప్పున మార్చి మార్చి సరిచూసుకుంటూ గీకితే, మూడూ ఒకేసారి సమతలాలు కాక తప్పదు. అలా పుట్టిన సర్ఫేస్ ప్లేట్‌కు నీలి రంగు పూసి, గైడ్‌వే మీద అద్ది, రంగు అంటిన ఎత్తులను మాత్రమే చేతి స్క్రేపర్‌తో తీయాలి. ఒక్కో విడతలో పోయేది కొన్ని మైక్రాన్లే కాబట్టి 0.05 మి.మీ. నష్టాన్ని సరిచేయడం వారాల పని. పైగా శాడిల్ కిందికి దిగితే లీడ్ స్క్రూ అక్షం నట్టుతో కలవదు. పోయిన ఎత్తును పీటీఎఫ్ఈ కలిసిన పలుచని పట్టీలు అతికి తిరిగి తెచ్చుకోవాలి. ఎడ్వర్డ్ కానెలీ 1955లో ఈ విద్య మీద పెద్ద గ్రంథమే రాశాడు, కానీ పుస్తకం చదివి చేతికి రాదు. ఈ పని తెలిసినవారు మన పాత కర్మాగారాల నుంచి రిటైరై ఇళ్లలో ఉన్నారు. వారి దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలు కావాలని మనసారా కోరుకుంటున్నాను.

స్క్రేపింగ్ ఎక్కడ చేయాలన్నదే చివరి తీర్పు. టేబుల్, శాడిల్ విప్పుకుని బల్ల మీద పెట్టుకోగలిగిన భాగాలు. వాటిని పెద్ద సర్ఫేస్ గ్రైండర్ ఉన్న చోటికి పంపి సగం పని తగ్గించుకోవచ్చు. కాలమ్ అలాంటిది కాదు. స్పిండిల్ అందులోనే ఉంది, మిగిలిన భాగాలన్నిటికీ అదే ఆధారం. దాన్ని కొలవడానికి టేబుల్ మీద మంచి స్క్వేర్ నిలబెట్టి, కాలమ్‌కు బిగించిన డయల్ గేజ్‌ను దానికి ఆనించి, ‘నీ’ని అంచెలంచెలుగా పైకి తీసుకురావాలి. ప్రతి అంచెలోనూ ‘నీ’ లాక్ బిగించాకే రీడింగ్ తీయాలి. లాక్ బిగించినప్పుడే సూది ఎక్కువగా గెంతితే జిబ్ సరిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. టేబుల్, శాడిల్, స్క్రూ మూడూ అరిగినా కాలమ్ నిలిచి ఉంటే ఆ మిషన్‌ను బాగుచేయడం దండగ కాదు.

కాలమ్ నడిమి భాగం లోతుగా అరిగి, దాని తిన్నదనం స్క్వేర్ మీద 300 మి.మీ.కు 0.1 మి.మీ. దాటి తప్పితే, పేరు ఎంత గొప్పదైనా ఆ యంత్రాన్ని వదిలేయాలి. అలాంటి చోట కూడా ఆర్బర్లు, డివైడింగ్ హెడ్, వైస్ విడిగా బేరమాడి తెచ్చుకోవచ్చు. ఐఎస్ఓ 40 టేపర్ ఆర్బర్లు అదే టేపర్ ఉన్న ఇంకో మిషన్‌కు పనికొస్తాయి. డ్రా బార్ మర మిల్లీమీటర్లదో అంగుళాలదో మాత్రం ముందే సరిచూసుకోవాలి.